స్టాలిన్‌గ్రాడ్ కెసెల్ నమూనా బల్ల: ప్రాజెక్టు డైరీ

ఏం చేయాలనుకుంటున్నాను

మా ఊరి గ్రంథాలయంలో పిల్లల కోసం చరిత్ర విభాగం ఒకటి పెడుతున్నారు. దానికి ఒక యుద్ధరంగం నమూనా చేసి ఇస్తానని మాటిచ్చాను. ఎంచుకున్నది 1942–43 చలికాలంలో సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్ ఆరో సైన్యం చిక్కుకుపోయిన చక్రబంధం. సైనిక చరిత్ర చదివేవాళ్లు దాన్ని కెసెల్ అంటారు. జర్మన్ భాషలో కెసెల్ అంటే కాగు. వేట నుంచి వచ్చిన వాడుక ఇది. పొలాల్లో కుందేళ్లను కొట్టడానికి మనుషులు పెద్ద వలయంగా నిలబడి, అన్ని వైపుల నుంచీ లోపలికి తరుముకుంటూ వచ్చే పద్ధతిని వాళ్లు కెసెల్‌ట్రైబెన్ అంటారు. సైన్యం భాషలో శత్రువును బయట అందరికీ దూరం చేసి మూసేసిన చోటు కెసెల్. రష్యన్లు కూడా తమ భాషలో కాగుకు ఉన్న మాటే వాడతారు, 'కత్యోల్' అని. 2014లో ఉక్రెయిన్‌లోని ఇలొవాయ్‌స్క్ దగ్గర, 2015లో దెబాల్త్సెవ దగ్గర పోరాటాలు జరిగినప్పుడు వార్తల నిండా ఈ మాటే వినిపించింది.

పటాల్లో ఎక్కువగా ఒక ఎర్ర గీత గుండ్రంగా గీసి, కింద తేదీ వేసి వదిలేస్తారు. ఆ బొమ్మ చూసి పెరిగిన పిల్లలకు చుట్టుముట్టడం అంటే గీత గీయడమంత తేలిక అనిపిస్తుంది. నిజానికి కెసెల్‌కు రెండు వలయాలు కావాలి. లోపలి వలయం చిక్కినవాళ్లను బయటికి పోనివ్వదు. బయటి వలయం సాయానికి వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వదు. ఈ రెండూ బిగిశాయంటే లోపలివాళ్ల బతుకంతా రోజుకు ఎన్ని టన్నుల సరుకు వచ్చిందన్న లెక్క మీదే నడుస్తుంది. నా బల్ల మీద ఆ రెండు వలయాలూ, ఆ టన్నుల లెక్కా కనబడి తీరాలి. మిగతా హంగులు ఉన్నా లేకున్నా ఫరవాలేదు.

స్కేలు, ప్లైవుడ్

మొదట 1 సెంటీమీటరుకు 1 కిలోమీటరు అనుకుని లెక్క వేశాను. కెసెల్ వరకే అయితే చక్కగా సరిపోతుంది. నవంబర్ ఆఖరుకి అది తూర్పు పడమరలుగా సుమారు 50–60 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 30–40 కిలోమీటర్లు ఉండేది. కానీ లోపలికి సరుకు తెచ్చిన రవాణా విమానాలు బయల్దేరిన తత్సిన్‌స్కయ విమానాశ్రయం స్టాలిన్‌గ్రాడ్‌కు పడమరగా దాదాపు 245 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ విమానాశ్రయం లేకుండా ఈ కథ చెప్పలేం. అందుకని 1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు ఖాయం చేశాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు మీద అన్నీ ఇమిడిపోయాయి: వాయవ్యాన సెరఫిమోవిచ్, మధ్యలో కలాచ్, నైరుతిలో కొతెల్నికొవొ, పడమటి అంచున తత్సిన్‌స్కయ, తూర్పున ఓల్గా నది. వడ్రంగి కింద రెండు అడ్డకర్రలు బిగించి ఇచ్చాడు, షీటు వంగకుండా.

ఎత్తుల సంగతే కాస్త ఆలోచింపజేసింది. అదంతా స్టెప్ మైదానం. నగరం మధ్యలో ఉన్న మమాయెవ్ దిబ్బ ఎత్తు 102 మీటర్లు. ఈ స్కేలులో అది అర మిల్లీమీటరు! చేత్తో తడిమినా తెలియదు. ఎత్తుల్ని మాత్రం ఇరవై రెట్లు పెంచాను. ఇప్పుడు దిబ్బ సెంటీమీటరు ఎత్తు వచ్చింది. దోన్ నది కుడి ఒడ్డు గట్టు కూడా కనబడుతోంది. బల్ల పక్కన ఈ సంగతి రాసి పెట్టాలి, లేకపోతే పిల్లలు అక్కడ కొండలున్నాయనుకుంటారు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దనుకున్నాను, బరువు. పాత న్యూస్‌పేపర్లు నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఫెవికాల్ కలిపిన గుజ్జు వాడాను. మైదానమంతా పలచగా పరిచి, ఆరక ముందే స్పూను వెనక వైపుతో వంకలు గీశాను. రష్యన్లు వీటిని బాల్కాలు అంటారు, వాన నీటికి కోసుకుపోయిన వాగు గుంటలు. ఆ చెట్టూ చేమా లేని నేల మీద సైనికులకు దొరికిన ఏకైక మరుగు అవే. బంకర్లు వాటి గోడల్లోనే తవ్వుకున్నారు. పైన వేసుకోవడానికి దుంగలు లేవు, చలి కాచుకోవడానికి కట్టెలు లేవు. ఇంటికప్పు దూలం కావాలంటే కూడా శిథిలమైన నగరం నుంచి మోసుకురావాలి. బల్ల మీద ఒక్క చెట్టు కూడా పెట్టకపోవడానికి కారణం ఇదే.

రంగులు, నదులు

ఓల్గా, దోన్ నదులకు బూడిద కలిసిన నీలం వేశాను. నేలకు ఖాకీ, మీద పలచగా తెలుపు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, రెండు పూటల్లో అయిపోయింది.

నగరం తూర్పు అంచు దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. కెసెల్ తూర్పు గోడ అంటే చుయ్‌కోవ్ నడిపిన సోవియట్ 62వ సైన్యం. ఓల్గా గట్టును పట్టుకుని వేలాడిన సైన్యం అది. కొన్నిచోట్ల వాళ్ల చేతిలో మిగిలింది నీటి అంచు నుంచి కొన్ని వందల మీటర్లే. బల్ల మీద అది ఒకటి రెండు మిల్లీమీటర్లు. దానికి గుజ్జూ రంగూ పనికిరావని, ఎర్ర దారం ఒక్క పోగు తీసి నీటి అంచు వెంబడి అంటించాను. నవంబర్ దాకా చుట్టుముట్టబడినవాళ్లలా ఉన్నది ఆ దారమే. వెనక నది ఉంది, నది మీద రాత్రిళ్లు పడవలు నడిచాయి కాబట్టి అది కెసెల్ కాలేదు. 1940లో డంకర్క్ దగ్గరా అంతే. మూడు వైపులా జర్మన్లు, నాలుగో వైపు సముద్రం. ఆ నాలుగో వైపు నుంచే 3,38,000 మంది బ్రిటిష్, ఫ్రెంచి తదితర సైనికుల్ని ఓడల్లో ఎక్కించి తీసుకుపోయారు. ఒక్క దారి మిగిలినా కథ మారిపోతుందని ఇక్కడే పిల్లలకు చెప్పాలి.

వలయం మూసుకోవడం

నవంబర్ 19 ఉదయం పొగమంచులో ఉత్తరాన ఫిరంగులు మోగాయి. ఆ దాడికి సోవియట్లు పెట్టిన పేరు యురేనస్. దోన్ కుడి ఒడ్డున సెరఫిమోవిచ్, క్లెత్స్‌కయ దగ్గర ముందే పట్టు నిలుపుకున్న చోట్ల నుంచి సోవియట్ సేనాధిపతి వతూతిన్ ట్యాంకులు దక్షిణానికి దిగాయి. మర్నాడు నగరానికి దక్షిణాన, సరస్సుల మధ్య నుంచి ఇంకో సోవియట్ సేనాధిపతి యెర్యోమెంకో సేనలు వాయవ్యంగా కదిలాయి. రెండు చోట్లా దెబ్బ తిన్నది ప్రధానంగా జర్మనీ పక్షాన పోరాడుతున్న రొమేనియా సైన్యాలు. ట్యాంకుల్ని ఆపగల పెద్ద తుపాకులు వాళ్ల దగ్గర చాలా తక్కువ. ఆరో సైన్యం బలమంతా నగరం శిథిలాల్లో ఇరుక్కుని ఉండగా, దాని రెండు పక్కల్నీ వీళ్ల మీద వదిలేశారు.

ఈ రెండు కదలికలకు ఎర్ర రంగు పూసిన రేకు బాణాలు చేశాను, గాడిలో జరిగేలా. ప్లైవుడ్‌లో గాడి కొట్టి, బాణం కింద చిన్న బోల్టు పెట్టాను. కింద నుంచి తోస్తే బాణం పాకుతూ వస్తుంది. రెండూ కలిసే చోటు కలాచ్‌కు ఆగ్నేయాన ఉన్న సొవెత్స్‌కి. తేదీ నవంబర్ 23. అంతకు ముందు రోజు, 22 తెల్లవారుజామున, చిన్న దళం ఒకటి హెడ్‌లైట్లు వేసుకుని మరీ కలాచ్ వంతెన మీదికి పోయింది. కాపలా ఉన్న జర్మన్లు తమవాళ్లే అనుకున్నారు. ఆ వంతెనను అగ్గిపుల్లలతో కట్టాను. బాణం దాని మీదుగా దాటేటప్పుడు పుల్లలకు తగిలి టకటకమంటుంది, నాకు అది భలే నచ్చింది.

బాణాలు కలవగానే మేనల్లుడు అడిగాడు. పదో తరగతి, సెలవులకి వచ్చాడు, పనంతా నాతోనే చేస్తున్నాడు.

"మామయ్యా, 23కే చుట్టేశారు కదా. మరి ఫిబ్రవరి దాకా ఎందుకు లాగారు? వెంటనే లోపలికెళ్లి కొట్టేయొచ్చుగా?"

"లోపల ఎంతమంది ఉన్నారని సోవియట్లు అనుకున్నారో తెలుసా? ఎనభై తొంభై వేలు. తీరా చూస్తే రెండున్నర లక్షల పైమాటే."

"అమ్మో! అంత తప్పు లెక్కా?"

"అంతేరా. పైగా బయట నుంచి వచ్చేవాళ్లను కూడా ఆపాలి. ఆ రెండో వలయం ఇంకా కట్టనేలేదు మనం."

రెండో వలయం

ఇక్కడ తెలుగువాళ్లకు చెప్పడం నాకు తేలిక. పద్మవ్యూహంలోకి అభిమన్యుడు వెళ్లాడని అందరికీ తెలుసు. వెనకే రావలసిన పాండవుల్ని వాకిట్లో నిలబడి ఆపినవాడు సైంధవుడు. అభిమన్యుణ్ణి ముట్టడించినవాళ్లు లోపలి వలయం, సైంధవుడు బయటి వలయం. సోవియట్ సైనిక శాస్త్రంలో కూడా వీటికి విడివిడిగా పేర్లున్నాయి, చుట్టివేతకు లోపలి ఫ్రంట్, బయటి ఫ్రంట్ అని.

బయటి వలయానికి ముదురు ఎరుపు ఊలు దారం వాడాను. చీర్ నది వెంట, అక్కడి నుంచి కొతెల్నికొవొ వైపు. రెండు వలయాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకేలా లేదు. నవంబర్ ఆఖరుకు కొన్నిచోట్ల 15–20 కిలోమీటర్లే, కొన్నిచోట్ల 100 దాకా. అంటే బల్ల మీద ఒకచోట నాలుగు వేళ్లు పట్టే సందు, ఇంకోచోట మూర. పిల్లలు ఈ సందులో వేలు పెట్టి చూడాలని దారాన్ని అంటించకుండా సూదులకే చుట్టాను.

ఈ సందులో జరిగిందే అసలు యుద్ధం. చిక్కినవాళ్లను విడిపించడానికి డిసెంబర్ 12న జర్మన్ సేనాధిపతి మాన్‌స్టైన్ పంపిన హోత్ ట్యాంకులు కొతెల్నికొవొ నుంచి ఈశాన్యంగా బయల్దేరాయి. 19 నాటికి మిష్కొవ నది చేరాయి. కెసెల్ అంచుకు ఇంకా సుమారు 48 కిలోమీటర్లు. బల్ల మీద 24 సెంటీమీటర్లు, నా జానెడు కంటే కాస్త ఎక్కువ. అక్కడే ఆగిపోయాయి. కెసెల్‌ను నలిపేయడానికి తెచ్చిన మలినోవ్‌స్కి రెండో గార్డ్స్ సైన్యాన్ని సోవియట్లు దారి మళ్లించి ఆ నది దగ్గర అడ్డం పెట్టారు. మేనల్లుడి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. లోపలి వలయం బిగించాల్సిన చేతులు బయటి వలయాన్ని మోస్తున్నాయి.

బూడిదరంగు బాణం ఒకటి మిష్కొవ దాకా వచ్చి ఆగేలా గాడిని అక్కడే ముగించాను. దాన్ని ఎంత తోసినా ముందుకు కదలదు.

బియ్యం సీసాలు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన భాగం ఇది. ఒక గ్రాము బియ్యం ఒక టన్ను సరుకు అనుకున్నాం. మూడు ఒకేలాంటి గాజు సీసాలు తీసుకుని వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచాం.

మొదటి సీసాలో 750 గ్రాములు. ఆరో సైన్యం రోజుకు అడిగింది అది. రెండో దానిలో 500, గోరింగ్ తన వైమానిక దళం చేరవేస్తుందని హిట్లర్‌కు మాట ఇచ్చింది. అక్కడే ఉండి పరిస్థితి చూస్తున్న వైమానిక అధికారులు రిచ్ట్‌హోఫెన్, ఫీబిగ్ ఇది అయ్యే పని కాదని ముందే మొత్తుకున్నారు. మూడో సీసాలో 100 గ్రాములు. రోజుకు సగటున నిజంగా చేరింది దాదాపు అంతే. మొదటి సీసా నిండుగా ఉంది, మూడో సీసాలో అడుగు మాత్రం కప్పుకుంది.

ఒక యుంకర్స్ 52 విమానం మోసేది రెండు టన్నుల పైచిలుకు. మేనల్లుణ్ణి రెండు గ్రాములు తీయమన్నాను. చిటికెడు బియ్యం వాడి వేళ్ల మధ్య ఉంది. "ఇదొక విమానమా?" అన్నాడు. అవును. అలాంటి చిటికెలు 250, ప్రతి రోజూ, మంచు తుఫానులో, కింద ఫిరంగులు పైన ఫైటర్లు తప్పించుకుని దిగితేనే రెండో సీసా నిండుతుంది. వాడు ఇరవై దాకా వేసి చేతులు దులుపుకున్నాడు.

100 టన్నుల్ని రెండున్నర లక్షల మందికి పంచితే మనిషికి 400 గ్రాములు. అది తిండి ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. తిండి, పెట్రోలు, తూటాలు, ఫిరంగి గుండ్లు, మందులు, కట్లు, అన్నీ కలిపి 400 గ్రాములు. రొట్టె కోటా డిసెంబర్‌లో రోజుకు 200 గ్రాములకు, తర్వాత 100కు, చివరికి ఇంకా కిందికి పోయింది. గుర్రాల్ని కోసుకు తిన్నారు. ఆ ఆకలి జర్మన్ సైనికులది మాత్రమే కాదు. లోపల రొమేనియన్లున్నారు, జర్మన్ల దగ్గర చాకిరీ చేసే సోవియట్ ఖైదీలు వేలల్లో ఉన్నారు, పారిపోలేక మిగిలిపోయిన నగరం జనం ఉన్నారు. ఆ విమానాలు వాళ్లకేమీ తేలేదు. సీసాల పక్కన ఈ మాట పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

హిట్లర్ దీన్ని కెసెల్ అని కాక 'స్టాలిన్‌గ్రాడ్ కోట' అన్నాడు. కోటకు గోడలుంటాయి, గాదెలుంటాయి, ముట్టడికి ముందే సరుకు నింపుకుంటారు. ఇక్కడ ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. బయటపడటానికి అనుమతి ఇవ్వమని ఆరో సైన్యం సేనాధిపతి పౌలుస్ మొదటి రోజుల్లోనే అడిగాడు. నవంబర్ 24న ఉన్నచోటే ఉండమని ఆజ్ఞ వచ్చింది. పై అధికారుల కాగితాల్లో కోట, లోపలి సైనికుల నోట కెసెల్. నాకు సైనికుల మాటే నిజాయితీగా అనిపిస్తుంది.

ఆ ధీమా ఎక్కడిదంటే, అదే ఏడాది మొదట్లో దెమ్యాన్‌స్క్ దగ్గర చిక్కుకున్న సుమారు లక్ష మందిని విమానాలతోనే నెలల తరబడి బతికించారు. ఏప్రిల్‌లో దారి కూడా తెరిచారు. కానీ అక్కడ రోజుకు కావలసింది 300 టన్నుల లోపు. మనుషులు సగం కంటే తక్కువ, శత్రువు వైమానిక బలమూ తక్కువ. ఒకచోట కుదిరిన లెక్కను ఇంకోచోట అప్పజెప్పారు.

వలయం కుంచించుకోవడం

లోపలి వలయానికి దారం బదులు ఎలాస్టిక్ వాడాను, లంగా బొందుల్లో వేసే సన్నది. నవంబర్ ఆఖరు హద్దు వెంట మేకులు గుచ్చి దాన్ని బిగించి చుట్టాను. జనవరి 10, 17 తేదీల హద్దుల వెంట లోపల ఇంకో రెండు వరుసల మేకులు. బయటి వరుసలో మేకు పీకిన కొద్దీ ఎలాస్టిక్ దానంతట అదే లోపలి వరుస మీదికి వచ్చి పడుతుంది. ఏ కొస నుంచి పీకాలో వరస ఉంది. జనవరి 8న లొంగిపొమ్మని సోవియట్లు కబురు పంపారు, పౌలుస్ ఒప్పుకోలేదు. 10న సోవియట్ సేనాధిపతి రొకొసోవ్‌స్కి సేనలు మొదలుపెట్టిన దాడికి పేరు 'కల్త్సో', అంటే వలయం. మొదట పోయింది నైరుతిన మరీనొవ్క దగ్గర ముక్కులా పొడుచుకొచ్చిన భాగం. పిల్లలు అక్కడ నుంచే మొదలుపెట్టాలి.

పితొమ్నిక్ విమానాశ్రయానికి తెల్ల బటన్ అంటించాను. కెసెల్‌లో సరుకు దిగే ప్రధాన చోటు అదే, గాయపడ్డవాళ్లను ఎక్కించే చోటూ అదే. పాతిక వేల మందికి పైగా క్షతగాత్రులు విమానాల్లో బయటపడ్డారు. జనవరి 16 అని రాసిన మేకు పీకగానే ఎలాస్టిక్ టప్పున జరిగి బటన్ బయట ఉండిపోతుంది. తర్వాత కొన్నాళ్లకే రెండో విమానాశ్రయం గుమ్రాక్ బటన్ కూడా. ఆ పైన మూటలు ఆకాశం నుంచి పడేయడమే. అప్పటికే అటు తత్సిన్‌స్కయ మీద డిసెంబర్ 24న సోవియట్ అధికారి బదానొవ్ ట్యాంకులు పడి, విమానాల్ని నేల మీదే ధ్వంసం చేసి పోయాయి. మొత్తం మీద జర్మన్లు పోగొట్టుకున్న రవాణా విమానాలు 490 వరకు.

జనవరి 26న పడమర నుంచి వచ్చినవాళ్లు మమాయెవ్ దిబ్బ దగ్గర 62వ సైన్యంతో కలిశారు. కెసెల్ రెండు ముక్కలైంది. ఎలాస్టిక్ నడుముకు ఒక క్లిప్పు తగిలిస్తే ఎనిమిది అంకెలా మారి రెండు చిన్న కళ్లు మిగులుతాయి. దక్షిణపు కంటిలో డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగలో పౌలుస్. అతణ్ణి 30న ఫీల్డ్ మార్షల్ చేశారు, 31న లొంగిపోయాడు. ఉత్తరపు కన్ను ఫ్యాక్టరీల దగ్గర, ఫిబ్రవరి 2 దాకా నిలిచింది. చివర్లో పట్టుబడ్డవాళ్లు 91,000 మంది. తిరిగి ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేలు, ఆఖరివాళ్లు 1955లో.

ఇంకా మిగిలిన పని

గాడుల కింద మైనం రాయాలి, బాణాలు ఇంకా కాస్త పట్టేస్తున్నాయి. చిన్న పిల్లలు వస్తారు కాబట్టి ఈ మేకులు తీసి తల గుండ్రంగా ఉన్నవి పెట్టాలి. సీసాలకు మూతలు సీలు చేయాలి, లేకపోతే పురుగు పడుతుంది.

లేబుళ్లలో పక్క మాటల తేడా కూడా పెడుతున్నాను. పటంలో ముందుకు పొడుచుకొచ్చి, మెడ ఇంకా తెరిచే ఉంటే అది సాలెంట్. 1943లో కుర్స్క్ అలాంటిదే. ఆ మెడను రెండు వైపుల నుంచి నొక్కే కదలిక పిన్సర్. మెడ మూసుకుంటేనే కెసెల్. ఇంగ్లిష్ పుస్తకాల్లో పాకెట్ అంటారు. వార్తల్లో ఎవరైనా మూడు వైపులా కమ్ముకోగానే కెసెల్ అనేస్తుంటారు, అది తొందరపాటు. 1941 సెప్టెంబర్‌లో కీవ్ తూర్పున జర్మన్ సేనాధిపతులు గుదేరియన్, క్లైస్ట్ ట్యాంకులు లొఖ్‌విత్స దగ్గర కలిసే ముందు రోజు కూడా సోవియట్ సేనలకు దారి ఉంది. కలిశాక జర్మన్లు చెప్పుకున్న ఖైదీల లెక్క ఆరు లక్షలు దాటింది.

ఈ బల్ల గ్రంథాలయానికి అప్పగించాక రెండోది మొదలుపెడతాను. 1944 వసంతంలో కమెనెత్స్ పొదోల్‌స్కి దగ్గర హూబె నడిపిన జర్మన్ ఒకటో పాంజర్ (ట్యాంకు) సైన్యం రెండు లక్షల మందితో చిక్కుకుంది. అయితే ఒకచోట నిలబడలేదు. వలయంతో సహా పడమరకు కదులుతూ పోయి, ఏప్రిల్ మొదట్లో బుచాచ్ దగ్గర తమవాళ్లతో కలిసింది. దాన్ని కదిలే కెసెల్ అంటారు. ఎలాస్టిక్, మేకులు దానికి పనికిరావు. బల్ల కింద అయస్కాంతాలు పెట్టి మొత్తం వలయాన్నే జరపాలి. రేకుల షాపులో పలచటి ఇనుప రేకు ధర కనుక్కోమని మేనల్లుడికి చెప్పాను.